డిసెంబరులో తారీఖే అధ్యాయం

బైబిల్లోని లూకా సువార్తలో సరిగ్గా 24 అధ్యాయాలున్నాయి. డిసెంబరు 1న మొదలుపెట్టి రోజుకొకటి చదివితే క్రిస్మస్ ముందురోజుకి పూర్తవుతుంది. ఎక్కడిదాకా చదివామో గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఆ రోజు తారీఖే అధ్యాయం నంబరు.

టైము కుదరట్లేదా? సాయంత్రం ఇంటి మీద స్టార్ లైటు వేసే పనితో దీన్ని ముడిపెట్టండి. ఎవరు స్విచ్ వేస్తే వాళ్లే ఆ రోజు చదవాలి. మా పిల్లలు స్విచ్ కోసం పోటీ పడతారు.

మొదటి అధ్యాయం మాత్రం పెద్దది, 80 వచనాలు. ఇద్దరు ముగ్గురు పంచుకోండి. 46 నుంచి 55 వరకు ఉన్న మరియ పాటని అమ్మమ్మతోనో నానమ్మతోనో చదివించండి. ఆకలిగొన్నవాళ్లని దేవుడు తృప్తిపరిచాడనే మాట కష్టం చూసిన మనిషి నోట వింటే ఒళ్లు పులకరిస్తుంది.

యేసు పుట్టుక 2వ తారీఖునే వచ్చేస్తుంది. అందుకే 24న పునరుత్థానం చదివాక ఆ రెండో అధ్యాయాన్ని మళ్లీ తీయండి. పిల్లలు ఎదురుచూసేవి 15న తప్పిపోయిన కుమారుడు, 19న చెట్టెక్కిన జక్కయ్య.

అరిసెల హడావుడిలో రెండు రోజులు తప్పిపోతే బాకీ తీర్చాలని మూడేసి అధ్యాయాలు చదవకండి. ఆ రోజు తారీఖు దగ్గర నుంచే అందుకోండి.