తామర పోయినట్టే పోయి మళ్ళీ వస్తోందా? ముందు ట్యూబు తిప్పి చదవండి

ఎండాకాలం ముదిరిందంటే మా మందుల అంగడికి కొందరు పక్కన ఎవరూ లేని వేళ చూసుకొని వస్తారు. గొంతు తగ్గించి అడుగుతారు. "అన్నా, పోయినసారి తీసుకుపోయిన తామర ట్యూబు ఇంకొకటి ఇయ్యి. పూస్తే పోతాది, ఆపితే మళ్ళా వస్తాది."

ప్రొద్దుటూరులో ఇరవై ఏళ్ళకు పైగా ఫార్మసిస్టుగా ఉన్నాను. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. పూస్తే పోవడం, ఆపితే రావడం అన్నదాంట్లోనే కారణం దొరుకుతుంది. కానీ అక్కడ ఆగి ఆలోచించేవాళ్ళు తక్కువ. సబ్బు మారుస్తారు, నీళ్ళు పడలేదంటారు, వంకాయ మానేస్తారు, వేడి చేసిందని సబ్జా నీళ్ళు తాగుతారు. చేతిలో ఉన్న ట్యూబును మాత్రం తిప్పి చూడరు.

రోజూ స్నానం చేయాలి, గోక్కోకూడదు లాంటివి ఇక్కడ చెప్పను, అవి అందరికీ తెలుసు. గజ్జల్లో, నడుము చుట్టూ, చంకల్లో, రొమ్ముల కింద గుండ్రంగా లేచి, అంచు ఉబ్బి పొట్టు రేగుతూ, మధ్యలో కాస్త మామూలుగా కనిపించే దురద మచ్చ తామర. అది చర్మం పైపొరను తిని బతికే ఫంగస్. ఇంతవరకు తెలిసినవాళ్ళకే ఈ రాత.

పూసిన రెండు రోజులకే దురద మాయం, ఆపిన వారానికి ఇంకా పెద్దదై వస్తుంది

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. మీరు పూసే దాంట్లో స్టెరాయిడ్ ఉంది.

తామరకు వాడాల్సింది ఫంగస్‌ను చంపే మందు ఒక్కటే. అంగళ్ళలో బాగా అమ్ముడుపోయేవి మాత్రం మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబులు. ఫంగస్ మందు ఒకటి, బ్యాక్టీరియా మందు ఒకటి, వాటితో పాటు గట్టి స్టెరాయిడ్ ఒకటి. దురద, ఎరుపు, మంట ఇవన్నీ ఫంగస్ మీద మన ఒంటి రక్షణ వ్యవస్థ చేసే పోరాటం వల్ల కనిపించేవి. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. రెండో రోజుకే దురద ఉండదు, ఎరుపు తగ్గుతుంది, మందు భలే పని చేసిందనుకుంటాం. కాపలా కుక్క నోరు కట్టేస్తే ఇల్లు నిశ్శబ్దంగానే ఉంటుంది, దొంగ మాత్రం లోపలే ఉంటాడు. ఫంగస్ ఎదురులేకుండా పక్కకు పాకుతూ ఉంటుంది. ట్యూబు అయిపోయిన నాలుగు రోజులకు రక్షణ వ్యవస్థ మళ్ళీ మేలుకుంటుంది. ఈసారి చూసేసరికి మచ్చ అరచేతంత అయి ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది. స్టెరాయిడ్ పడ్డ తామర తన రూపమే మార్చుకుంటుంది. ఉబ్బిన అంచు ఉండదు, మామూలు గుండ్రం ఉండదు. కొన్నిసార్లు వలయంలో ఇంకో వలయం, అక్కడక్కడ పొక్కులు, చూసినవాళ్ళు ఎగ్జిమా అనుకునేలా తయారవుతుంది. వైద్యంలో దీనికి పేరు కూడా ఉంది, టీనియా ఇన్‌కాగ్నిటో. అంటే మారువేషంలో ఉన్న తామర. 1968లోనే ఇద్దరు డాక్టర్లు దీని గురించి రాశారు. మన ఊళ్ళలో ఇప్పుడు అసలు వేషంలో ఉన్న తామర కంటే ఇదే నా కంటికి ఎక్కువగా పడుతోంది.

అందుకే ట్యూబు తిప్పండి. వెనకవైపు కంపోజిషన్ అని చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. కళ్ళు ఆనకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి, లేదా బడికి పోయే పిల్లలతో చదివించండి. చివర "సోన్" అని వచ్చే పేర్లు పట్టుకోండి: బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటాసోన్, డెక్సామెథసోన్. ఇవన్నీ స్టెరాయిడ్లు. అన్నిటికంటే ఎక్కువగా మోసపోయేది క్లోబెటసాల్ దగ్గర. క్లోట్రిమజోల్ అన్నది ఫంగస్ మందు. రెండూ "క్లో"తో మొదలవుతాయి, రెండూ "ల్"తో ముగుస్తాయి. "అదే కదన్నా, క్లో అని ఉందే" అంటూ ట్యూబు చూపిస్తారు. ఒకటి తామరను చంపేది, ఇంకొకటి పెంచి పోషించేది. ఫంగస్ మందుల పేర్లలో ఎక్కువ భాగం "జోల్" అని ముగుస్తాయి: క్లోట్రిమజోల్, మైకొనజోల్, కీటోకొనజోల్, లూలికొనజోల్. టెర్బినాఫిన్ మాత్రం వేరుగా ఉంటుంది. జోల్ పక్కన సోన్ గానీ, క్లోబెటసాల్ గానీ కనిపించిందా, ఆ ట్యూబు తామరకు పనికిరాదు.

ఇదంతా ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా చేతులతో నేనే ఇచ్చాను కాబట్టి. పనిలో చేరిన కొత్తలో వేరే అంగడిలో ఉండేవాణ్ణి. ఎర్రగుంట్ల వైపు నాపరాయి పాలిష్ పట్టే చోట పనిచేసే అబ్బాయి ఒకడు వచ్చేవాడు. ఆ పనిలో రాయి మీద నీళ్ళు పారుతూనే ఉంటాయి, ప్యాంటు నడుము దాకా తడిసి అట్లే ఒంటి మీద ఆరుతుంది. పదిహేను రోజులకొకసారి ట్యూబు తీసుకుపోయేవాడు. అడిగినదే ఇచ్చేవాళ్ళం, ఎనిమిది నెలలు ఇచ్చాం. ఒకరోజు అంగడి వెనకాలకు పిలిచి చూపించాడు. తొడల లోపలివైపు చర్మం సిగరెట్ కాగితంలా పలచబడి, గర్భిణీల పొట్ట మీద ఉన్నట్టు ఎర్రటి చారలు పడి ఉన్నాయి. నడుము చుట్టూ, వీపు మీదికి తామర పాకింది. "చారలకు ఏం పూయాలన్నా?" అని అడిగాడు. ఆ చారలు కాలం గడిస్తే రంగు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. వెంట వచ్చిన వాళ్ళ ఇంటామె చంకలో పాప ఉంది, పాప చెంప మీద రూపాయి బిళ్ళంత వలయం. ఆమె ముంజేతి మీద కూడా అదే ఉంది. పాపను ఎత్తుకుంటే ఆ చెంప సరిగ్గా ఆ చేతికి ఆనుతుంది.

ఆ రోజు నుంచి చీటీ లేకుండా ఆ ట్యూబు ఎవరికీ ఇవ్వలేదు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఈ స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా పక్కింటివాళ్ళు వాడిన ట్యూబు, బంధువులు పంపిన ఫొటో చేతులు మారుతూనే ఉన్నాయి.

ఇప్పుడు ఏం చేయాలి

చిన్న మచ్చకు కొద్ది వారాలే వాడి ఉంటే స్టెరాయిడ్ ట్యూబు ఆపేయండి. ఉత్త ఫంగస్ మందు మొదలుపెట్టండి. ఇక్కడే చాలామంది జారిపోతారు. ఆపిన తర్వాత వారం, పది రోజులు దురద మునుపటి కంటే ఎక్కువవుతుంది, ఎరుపు లేస్తుంది. కొత్త మందు పడలేదని పాత ట్యూబు మళ్ళీ బయటికి తీస్తారు. తీయకండి. అది కొత్త మందు తప్పు కాదు, అణచిపెట్టిన మంట పైకి లేవడం. రాత్రి నిద్ర పట్టకపోతే దురద తగ్గే మాత్ర డాక్టరు రాస్తారు, చల్లటి తడిగుడ్డ వేసుకోండి.

నెలల తరబడి వాడినా, ముఖం మీద వాడినా, ఒళ్ళంతా పాకినా సొంత వైద్యం వద్దు, చర్మ డాక్టరు దగ్గరికి పోండి. ఊళ్ళో ఎవరైనా స్టెరాయిడ్ మాత్రలో ఇంజెక్షన్లో ఇస్తూ వచ్చి ఉంటే వాటిని ఉన్నట్టుండి ఆపడం ప్రమాదం. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. ముఖం తెల్లబడుతుందని పూసే క్రీముల్లో కూడా కొన్నిట్లో మొమెటాసోన్ ఉంటుంది. పెళ్ళికి ముందు ఆడపిల్లలు నెలల తరబడి పూసి, ఆపగానే ముఖం మండి, మొటిమలు లేచి ఏడుస్తూ వస్తారు. వాటినీ తిప్పి చదవండి.

ట్యూబులో స్టెరాయిడ్ లేదు, అయినా తగ్గడం లేదు

పూసే కొలత, పూసే కాలం చూడాలి. 15 గ్రాముల ట్యూబు రెండు నెలలు వచ్చిందని సంతోషంగా చెప్పేవాళ్ళు ఉన్నారు. చూపుడువేలు చివరి గణుపు పొడవునా పిండితే సుమారు అర గ్రాము, అది వేళ్ళతో కలిపి రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. రెండు గజ్జలూ నడుమూ కలిపి నాలుగు అరచేతులంత ఉంటే పూటకు ఒక గ్రాము, రెండు పూటలకు రెండు గ్రాములు. 15 గ్రాములు వారం రోజుల మందు. రెండు నెలలు వచ్చిందంటే మీరు పూయలేదు, చూపించారు.

పూసేటప్పుడు మచ్చ మీదే కాకుండా అంచు దాటి రెండు వేళ్ళ వెడల్పు చుట్టూ పూయండి. కంటికి కనపడని ఫంగస్ అక్కడే ముందుకు పోతూ ఉంటుంది. చర్మం పూర్తిగా ఆరాక పూయండి. దురద పోయాక కాదు, మచ్చ పూర్తిగా పోయాక ఇంకో రెండు వారాలు పూయండి. పోయిన తర్వాత మిగిలే నల్లమచ్చ తామర కాదు. దాని మీద చేయి వేస్తే నున్నగా ఉంటుంది, దురద ఉండదు. దానికి మందు అక్కర్లేదు, నెలలు పట్టినా అదే తగ్గుతుంది.

ఇవన్నీ సరిగ్గా చేసినా తగ్గని మొండి తామర ఈ మధ్య నిజంగానే పెరిగింది. దీనికి కారణమైన ఫంగస్‌కు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు, పేరులోనే మన దేశం ఉంది. టెర్బినాఫిన్‌కు ఇది చాలామందిలో లొంగదు. అలాంటప్పుడు ఇట్రాకొనజోల్ లాంటి మాత్రలు డాక్టరు రాస్తారు. ఆ క్యాప్సూల్ అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. పరగడుపున వేసుకుంటే, లేదా గ్యాస్ మాత్రలతో కలిపి వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. మన దగ్గర పొద్దున్నే గ్యాస్ మాత్ర వేసుకోని మనిషి తక్కువ, అందుకే ఏయే మాత్రలు వాడుతున్నారో అన్నీ చెప్పండి. కొలెస్ట్రాల్ మాత్రలున్నా, కాలేయం ఇబ్బంది ఉన్నా తప్పకుండా చెప్పాలి.

పూర్తిగా పోయింది, నెల తిరగకుండా మళ్ళీ అంటుకుంది

ఇంట్లో ఇంకెవరు గోక్కుంటున్నారో చూడండి. ఒకరు మందు వాడి, మిగతావాళ్ళు సిగ్గుపడి దాచుకుంటే అది ఇంట్లో తిరుగుతూనే ఉంటుంది. అందరూ ఒకేసారి వాడాలి.

మగవాళ్ళు మొలతాడు చూసుకోండి. ఏళ్ళ తరబడి చెమట తాగిన నూలుతాడు, ఎప్పుడూ పూర్తిగా ఆరదు. ఒంటికంతా మందు పూసి తాడు కింద మాత్రం వదిలేస్తారు, నడుము చుట్టూ తాడు మేరకు తామర గీత గీసినట్టు వస్తుంది. తీసేయమంటే పెద్దవాళ్ళు ఒప్పుకోరు, నాకు తెలుసు. తగ్గేదాకా తీసి, తర్వాత కొత్తది కట్టుకోండి. ఉత్త నడుముతో ఉండలేమంటే వెండి మొలతాడు వేసుకొని రోజూ తుడిచి ఆరబెట్టుకోండి. తాయెత్తుల నల్లదారానిదీ ఇదే కథ.

తువ్వాలు ఎవరిది వాళ్ళకు. లోపలి గుడ్డలు, ప్యాంట్లు అందరివీ కలిపి ఒకే టబ్బులో నానబెట్టవద్దు. జబ్బున్నవాళ్ళవి వేడినీళ్ళలో విడిగా ఉతికి, తిరగేసి ఎండలో వేయండి. కడప ఎండను ఏడాదంతా తిట్టుకుంటాం, ఈ ఒక్క పనికైనా వాడుకుందాం. వానాకాలంలో ఇంట్లో దండెం మీద ఆరేస్తే నడుము పట్టీ, కుట్ల దగ్గర తడి మిగిలిపోతుంది, అక్కడ ఇస్త్రీ పెట్టండి. తగ్గేవరకు బిగుతు జీన్స్ పక్కన పెట్టి వదులు నూలు గుడ్డలు వేసుకోండి.

జిల్లేడు పాలు, వెల్లుల్లి, పెట్రోలు వద్దు. కాలి బొబ్బలెక్కిన గజ్జలు చూశాను.

తామరే కాకపోవచ్చు, ఇవీ చూసుకోండి

నలభై దాటినవాళ్ళకు పదేపదే వస్తుంటే షుగర్ చూపించుకోండి. రాత్రిపూటే దురద ఎక్కువై వేళ్ళ సందుల్లో పొక్కులుంటే అది గజ్జి. ఛాతీ మీద, వీపు మీద దురద లేకుండా తెల్లగా చల్లినట్టుంటే శోభి. పిల్లల తలలో గుండ్రంగా వెంట్రుకలు ఊడితే అది తల తామర కావచ్చు, పూతమందుతో పోదు, మాత్రలు కావాలి. పాలిపోయిన మచ్చ మీద గిచ్చినా తెలియకపోతే ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి పోండి. అది కుష్ఠు కావచ్చు, మందు ఉచితంగా ఇస్తారు, పూర్తిగా నయమవుతుంది.

డాక్టరు దగ్గరికి పోయే ముందు కొన్ని రోజులు ఏమీ పూయకండి, ఫంగస్ పరీక్షకు పొట్టు గీకి తీయాలంటే అప్పుడే తేలిగ్గా దొరుకుతుంది. ఇంట్లో ఉన్న పాత ట్యూబులు, సగం వాడినవి, నలిగినవి అన్నీ ఒక కవరులో వేసుకొని పోయి బల్ల మీద పెట్టండి. సిగ్గుపడి రెండు దాచుకుంటే ఆ రెండే అసలువి అవుతాయి.