కోడి గురక పెడుతుంటే ముందు వేరు చేయండి

పెరట్లో ఒక్క కోడి ముక్కు కారుస్తూ, నోరు తెరిచి గురగురమంటుంటే మందు కోసం పరిగెత్తే ముందు దాన్ని దూరంగా, గాలి ఆడే నీడలో ఉంచండి. దాణా, నీళ్లు ముందు బాగున్న కోళ్లకు, చివర్లో దానికి. ఆ నీళ్ల గిన్నె మళ్లీ మందలోకి రాకూడదు. సీఆర్‌డీ (కోళ్లను పట్టే దీర్ఘకాలిక శ్వాస రోగం) అయితే తగ్గినట్టు కనిపించినా కోడి రోగాన్ని మోస్తూనే ఉంటుంది. అందుకే సంతలో కొన్న కోడిని కనీసం మూడు వారాలు విడిగా పెట్టాలి.

ఆకుపచ్చ రెట్ట, మెడ వంకర కనిపిస్తే కొక్కెర తెగులేమో అనుమానించండి. దానికి మందు లేదు, టీకానే దిక్కు: కోడిపిల్లలకు మొదటి వారంలో లసోటా టీకా చుక్క, 8 వారాలకు ఆర్‌2బీ టీకా సూది. టీకాను ఐస్‌లో పెట్టి తెచ్చారో లేదో తప్పకుండా చూడండి, వేడికి పాడైతే వేసినా వేయనట్టే. కోళ్లు వరుసగా చనిపోతుంటే అమ్మకండి, కోయకండి, వెంటనే పశువైద్యుడికి చెప్పండి.