కాలిఫోర్నియా డిపెండెన్సీ కోర్టులో అప్పీలు: కొత్తగా వచ్చినవాళ్ళు ముందే తెలుసుకోవాల్సినవి

కాలిఫోర్నియాకి కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలకు డ్రైవింగ్ లైసెన్స్ గురించీ స్కూల్ అడ్మిషన్ల గురించీ చెప్పేవాళ్ళు బోలెడుమంది. పిల్లల్ని ప్రభుత్వం తీసుకెళ్ళే కేసుల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. పరువు అడ్డొస్తుంది. పిల్లాడి ఒంటిమీద వాతలు చూసి టీచర్ ఫోన్ చేయడమో, ఇంట్లో గొడవకి పోలీసులు రావడమో జరిగి కౌంటీ సోషల్ వర్కర్ పిల్లల్ని తీసుకెళ్తే, కేసు డిపెండెన్సీ కోర్టుకి వెళ్తుంది. అది విడాకుల కోర్టూ కాదు, క్రిమినల్ కోర్టూ కాదు. ప్రశ్న ఒక్కటే: ఇంట్లో ఈ పిల్లలు క్షేమంగా ఉంటారా లేదా.

మొదటి రోజునే అప్పీలు వేద్దాం అనుకుంటారు మనవాళ్ళు. పిల్లల్ని బయటే ఉంచాలని తొలి విచారణలో ఇచ్చే డిటెన్షన్ ఆర్డర్ మీద అప్పీలు లేదు. ఆరోపణలు నిజమేనని కోర్టు తేల్చే జ్యూరిస్‌డిక్షన్ తీర్పు మీద కూడా విడిగా లేదు. ఆ తర్వాత పిల్లలు ఎక్కడ ఉండాలి, తల్లిదండ్రులు ఏ క్లాసులకి, కౌన్సెలింగ్‌కి వెళ్ళాలి అని చెప్పే డిస్పొజిషన్ ఆర్డర్ వచ్చాకే అప్పీలుకి దారి తెరుచుకుంటుంది. జేవీ-800 అనే ఫారం నింపి, కేసు నడిచిన సుపీరియర్ కోర్టు క్లర్క్‌కే ఇవ్వాలి, పైకోర్టుకి కాదు. అందులో ఏ సెక్షన్ కింద వచ్చిన ఆర్డర్ అని గడులు ఉంటాయి. డిస్పొజిషన్ దగ్గర, సెక్షన్ 300 కింద తేల్చిన ఆరోపణలను కూడా పరిశీలించమని అడిగే చిన్న గడి ఒకటుంది. ఆరోపణలే తప్పని మీ వాదన అయితే దాన్ని టిక్ చేయడం మర్చిపోకండి.

గడువు 60 రోజులు. ఉద్యోగం పోతే హెచ్-1బి వాళ్ళకి దొరికే 60 రోజులు మనందరికీ కంఠతా వచ్చు. ఈ 60 వేరు. జడ్జి కోర్టులో ఆర్డర్ చెప్పిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది, కాపీ చేతికొచ్చిన రోజు నుంచి కాదు. ఇండియాలో ఆలస్యమైతే దాన్ని మన్నించమని (డిలే కండోన్) పిటిషన్ వేసుకోవచ్చు. ఇక్కడ ఆ ఆశ పెట్టుకోవద్దు. లాయర్ వేస్తానని చెప్పి వేయకపోవడం లాంటి సందర్భాల్లో, అదీ కొన్ని షరతుల మీద మాత్రమే, మినహాయింపు ఉందని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2021లో చెప్పింది.

అన్నిటికంటే ప్రమాదకరమైన గడువు ఇంకొకటుంది. కొన్ని నెలలు గడిచాక కోర్టు పిల్లల్ని తిరిగి ఇచ్చే ప్రయత్నం ఆపేసి, దత్తత లాంటి శాశ్వత ఏర్పాటు తేల్చడానికి సెక్షన్ 366.26 కింద హియరింగ్ పెడుతుంది. లాయర్లు దాన్ని ‘టూ సిక్స్’ అంటారు. ఆ తేదీ వేసిన ఆర్డర్ మీద మామూలు అప్పీలు పనికిరాదు. రిట్ వేయాలి, అంటే ఆ ఆర్డర్ తప్పని పైకోర్టుకి నేరుగా పెట్టుకునే పిటిషన్. దానికి ముందు, వేస్తున్నామని తెలిపే జేవీ-820 ఫారం ఇవ్వాలి. మీరు ఆ రోజు కోర్టులో ఉంటే కేవలం 7 రోజుల్లో ఇవ్వాలి. కోర్టుకి రాకుండా పోస్టులో మాత్రమే తెలిసినవాళ్ళకి రాష్ట్రంలో ఉంటే 12, అమెరికాలోనే వేరే రాష్ట్రంలో అయితే 17, ఇండియాలో ఉంటే 27 రోజులు, కోర్టు పోస్టు చేసిన తేదీ నుంచి. ఇది దాటిపోతే, తర్వాత తల్లిదండ్రుల హక్కులు రద్దయినప్పుడు అప్పీలు వేసినా ఈ ఆర్డర్‌ని మళ్ళీ ప్రశ్నించలేరు. కోర్టు హాలు నుంచి బయటికి రాగానే లాయర్‌ని అడగాల్సింది ఇదే: ‘ఇది 60 రోజుల ఆర్డరా, 7 రోజుల ఆర్డరా?’

అప్పీలు వేయగానే స్టే వచ్చేస్తుందనుకోవడం కూడా మన అలవాటే. ఇక్కడ అప్పీలు దాని దారిన అది నడుస్తుంది, కింది కోర్టు ఆర్డర్ అమల్లోనే ఉంటుంది. కేసు ఎంతవరకు వచ్చిందో కోర్టు చూసే ఆరు నెలల రివ్యూ ఆగదు. కాబట్టి ‘అప్పీల్లో ఉంది కదా’ అని క్లాసులు మానేయొద్దు, పిల్లల్ని చూసే విజిట్ ఒక్కటి కూడా వదులుకోవద్దు.

పైకోర్టు కొత్త సాక్ష్యం తీసుకోదనే అనుకోండి. ఇంటి పక్కవాళ్ళ ఉత్తరాలు, గుడిలో ఇచ్చిన సర్టిఫికెట్లు అక్కడ చూపించలేరు. కింది కోర్టు రికార్డులో ఏముందో అదే చూస్తారు. మా అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి వచ్చారు, పరిస్థితి మారింది అని చెప్పాలంటే జేవీ-180 ఫారంతో కింది కోర్టునే అడగాలి. ఆ మార్పు పిల్లలకి మంచిదని కూడా చూపించాలి.

అందుకే అప్పీలు నిజానికి కింది కోర్టులోనే మొదలవుతుంది. మనవాళ్ళు భయంతో, మర్యాదతో ప్రతిదానికీ ‘ఓకే, ఓకే’ అని తలూపుతారు. హియరింగ్‌కి ముందు వరండాలో లాయర్ హడావుడిగా ‘సబ్మిట్ చేద్దామా?’ అంటారు. సోషల్ వర్కర్ రిపోర్టు మీద సబ్మిట్ చేయడం వేరు, ఆవిడ సిఫారసుకి సబ్మిట్ చేయడం వేరు. రిపోర్టు మీద అంటే దాన్ని చూసి జడ్జినే తేల్చమనడం. అందులో ఆధారాలు చాలవని తర్వాత వాదించవచ్చు. సిఫారసుకి సరేనంటే ఆ ఆర్డర్‌కి మీరే ఒప్పుకున్నట్టు. అర్థం కాకపోతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. ఆఫీసులో ఇంగ్లీష్ గడగడా మాట్లాడేవాళ్ళు కూడా అడగొచ్చు. ఆ టెన్షన్‌లో అమ్మభాషలో వింటేనే బుర్రకెక్కుతుంది.

ఖర్చు భరించలేనివాళ్ళకి అప్పీలుకి కూడా కోర్టే లాయర్‌ని ఇస్తుంది. మామూలుగా పాత లాయర్ కాదు, కొత్త మనిషి, చాలాసార్లు వేరే ఊళ్ళో ఉంటారు. శాంటా క్లారా కౌంటీ కేసు శాన్ హోసేలోని సిక్స్త్ డిస్ట్రిక్ట్ కోర్టుకి, అలమీడా కౌంటీ కేసు శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫస్ట్ డిస్ట్రిక్ట్‌కి వెళ్తుంది. నోటీసులన్నీ కోర్టు దగ్గరున్న అడ్రస్‌కే వస్తాయి. లీజు అయిపోయి అపార్ట్‌మెంట్ మారితే, కరెంటు వాళ్ళకి చెప్పేకంటే ముందు జేవీ-140 ఫారంతో కోర్టుకి కొత్త అడ్రస్ ఇవ్వండి.