డీజిల్ లారీకి హెడ్ గ్యాస్కెట్ మళ్లీ మళ్లీ పోతుంటే: ఫేసింగుకు ముందూ తరువాతా చూడవలసినవి

భీమవరం, ఆకివీడు వైపు నుంచి ఐసు నింపిన చేపల పెట్టెలతో బయలుదేరే లారీ అయినా, కోనసీమ నుంచి కొబ్బరికాయలు ఎత్తిన లారీ అయినా, దారిలో ఇంజను వేడెక్కి, హెడ్‌కూ ఇంజను బ్లాకుకూ మధ్య గ్యాసు, నీరు, ఆయిల్ కలవకుండా ఆపే గ్యాస్కెట్ కొట్టిందంటే మన దగ్గర జరిగే పని దాదాపు ఒకటే. హెడ్ (సిలిండర్ల పైమూత) విప్పి లేత్ షాపుకు పంపుతారు, ఫేసింగ్ (దాని కింది ముఖాన్ని కోసి చదును చేయడం) చేయించి కొత్త గ్యాస్కెట్ వేస్తారు, సాయంత్రానికి బండి రోడ్డెక్కుతుంది. కొంతకాలానికి అదే బండి అదే బాధతో తిరిగి వస్తే గ్యాస్కెట్ నాసిరకమని అంటారు. ఫేసింగ్ వంగిన ముఖాన్ని చదును చేయగలదు గాని, ఆ ముఖాన్ని వంచిన కారణాన్ని తీసివేయలేదు. అందుచేత లక్షణాన్ని బట్టి కారణాన్ని తేల్చుకున్న తరువాతనే హెడ్ బోల్టుల మీద చెయ్యి వేయడం మంచిది.

లక్షణం: రేడియేటరులో బుడగలు

ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీసి, నీరు నిండుగా పోసి, స్టార్టు చేసి చూడాలి. వేడి ఇంజను మీద మూత తీయకూడదు. నీరు ఇంకా వేడెక్కకముందే బుడగలు ఆగకుండా వస్తూ, పై హోసు గట్టిపడుతుంటే సిలిండరు లోపలి గ్యాసు నీటిదారిలోకి చేరుతోందని అనుమానించవచ్చు. అయితే లారీలో బుడగలు పుట్టించగల భాగం ఇంకొకటి ఉంది, అది ఎయిర్ బ్రేకు కంప్రెసరు. దాని హెడ్‌కు కూడా ఇంజను నీరే తిరుగుతుంది కనుక, దాని గ్యాస్కెట్ పోతే గాలి తిన్నగా రేడియేటరులోకి వస్తుంది. ఎయిర్ ట్యాంకులు నిండి కంప్రెసరు గాలి కొట్టడం ఆపేవరకు ఇంజను నడపాలి. అప్పుడు బుడగలు ఆగి, బ్రేకు పెడలు పలుమార్లు తొక్కి గాలి తగ్గించగానే మళ్లీ మొదలైతే తప్పు కంప్రెసరుదే. కొద్ది నిమిషాల ఈ పరీక్ష చేయకుండా ఇంజను హెడ్ దింపడం డబ్బు దండగ.

లక్షణం: బయట కారకుండానే నీరు తగ్గడం, ఆయిల్ తెల్లబడడం

రాత్రంతా నిలిపి ఉంచిన బండికి ఉదయం సంపు (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) నట్టును కొద్దిగా వదులు చేస్తే, ఆయిల్‌లో నీరు చేరి ఉంటే ఆయిల్ కన్నా ముందు అదే వస్తుంది. ఆ నీరు హెడ్ గ్యాస్కెట్ గుండానే వచ్చిందని అనుకోనక్కరలేదు. లైనరు (పిస్టను ఆడే గొట్టం) కింది రబ్బరు రింగులు పోయినా, లైనరు బయటివైపు గుంటలు పడి చిల్లు ఏర్పడినా, హెడ్‌లో నాజిల్ (డీజిల్ చిమ్మే భాగం) కూర్చునే స్లీవు వదులైనా ఇదే కనిపిస్తుంది. ఆయిల్ కూలరు పోతే ఇంజను నడుస్తున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి ఎక్కువ కాబట్టి తరచుగా రేడియేటరులోనే ఆయిల్ తేలుతుంది. ఈజీఆర్ కూలరు (ఇంజనులోకి తిరిగి పంపే పొగను చల్లార్చేది) ఉన్న బండ్లలో తెల్లపొగకు అది కూడా కారణం కావచ్చు. తేల్చుకోవడానికి సంపు దింపి, రేడియేటరు మూత దగ్గర చేతిపంపుతో మూతకు నిర్దేశించిన ఒత్తిడి మేరకు గాలి ఎక్కించి, కింద నుంచి దీపం పట్టి చూడాలి. లైనరు బయటి అంచున చుక్కలు పడితే రింగులు, పిస్టను మీదుగా లోపలి గోడ వెంట జారితే గ్యాస్కెట్, హెడ్ పగులు, స్లీవు లేదా లైనరు చిల్లు.

లక్షణం: పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో బలం తగ్గడం

ఇది దాదాపు ఖాయంగా ఆ రెండిటి మధ్య గ్యాస్కెట్ కాలిపోవడమే. దింపిన పాత గ్యాస్కెట్‌ను వెంటనే పారవేయకూడదు. గ్యాసు దారి చేసుకున్నచోట నల్లని చార ఉంటుంది, ఆ చారకు పైన హెడ్‌నూ కింద లైనరునూ కొలిస్తే దోషి ఎవరో తెలుస్తుంది.

హెడ్ దింపడం, కొలవడం

ఇంజను చల్లారిన తరువాతే, బిగించే వరుసకు వ్యతిరేక వరుసలో, బోల్టులను కొద్దికొద్దిగా వదులు చేయాలి. వేడిమీద విప్పితే బాగున్న హెడ్ కూడా వంగుతుంది. శుభ్రం చేసిన ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్‌ను (నిక్కచ్చిగా తిన్నగా ఉండే పట్టీ) పొడవునా, అడ్డంగా, రెండు మూలల మీదుగా పెట్టి ఫీలర్ గేజ్ (మందం తెలిసిన పలుచని రేకు) దూర్చి చూడాలి. చాలా ఇంజన్లలో మొత్తం పొడవుకు సుమారు 0.10 మిల్లీమీటరు దాటితే పని చేయించవలసిందే గాని, అంతిమమాట ఆ ఇంజను మాన్యువల్‌దే. గ్రైండరుకు తగిలించే రాపిడి బిళ్లలతో ముఖం రుద్దే అలవాటు మానాలి. అది పల్లాలు పుట్టిస్తుంది, దాని నుంచి రాలిన పొడి బేరింగులను తినేస్తుంది.

ఫేసింగ్

ముందు ప్రెషరు టెస్టు, తరువాతే ఫేసింగ్. నీటిదారులన్నీ మూసి, వేడినీటిలో ముంచి గాలి ఎక్కిస్తే, చల్లగా ఉన్నప్పుడు మూసుకుపోయే సన్నని పగుళ్లు కూడా బుడగలతో బయటపడతాయి. పోత ఇనుము హెడ్‌లలో రెండు వాల్వు సీట్ల మధ్య భాగాన్ని ప్రత్యేకంగా చూడాలి. పగిలిన హెడ్‌ను చదును చేయించి ప్రయోజనం లేదు. స్లీవులు మార్చవలసి ఉంటే ఫేసింగుకు ముందే మార్చి, వాల్వు సీట్ల పని తరువాత చేయించాలి.

తీయవలసింది ముఖం చదునుకావడానికి చాలినంతే. కోత తరువాత హెడ్ ఎత్తు మాన్యువల్‌లో ఇచ్చిన కనీస కొలత కన్నా తగ్గితే ఆ హెడ్ పనికిరాదు. పిస్టను తలలోనే గుంట ఉండి హెడ్ ముఖం చదునుగా ఉండే డీజిల్ ఇంజన్లలో, హెడ్ కోసినందువల్ల కంప్రెషను విపరీతంగా పెరుగుతుందనే భయం అంత నిజం కాదు. అసలు మారేవి వేరు: వాల్వు తల హెడ్ ముఖం నుంచి లోపలికి ఉండవలసిన లోతు తగ్గుతుంది, నాజిల్ మొన బయటికి పొడుచుకువచ్చే కొలత పెరుగుతుంది. మొదటిదాన్ని సీటు కోసి, రెండవదాన్ని తగిన మందం గల రాగి వాషరుతో సరిచేయాలి. ఈ రెండు కొలతలు రాయని ఫేసింగ్ బిల్లు సగం పనికే బిల్లు. ముఖం నునుపు కూడా గ్యాస్కెట్‌ను బట్టి ఉండాలి. పొరల ఉక్కు గ్యాస్కెట్‌కు బాగా నున్నని ముఖం కావాలి, పాతరకం మెత్తని గ్యాస్కెట్‌కు కొద్దిపాటి గరుకు పట్టునిస్తుంది.

లైనరు ఎత్తు

మళ్లీ మళ్లీ గ్యాస్కెట్ పోయే బండిలో నేను మొదట అనుమానించేది దీన్నే. నీటిలో నిలిచే లైనర్ల పై అంచు బ్లాకు ముఖం కన్నా వెంట్రుకవాసి పైకి ఉండాలి. గ్యాస్కెట్ ఇనుపరింగును నొక్కి పట్టేది ఆ అంచే. లైనరు కూర్చునే గట్టు అరిగితే అది కిందికి దిగుతుంది, అప్పుడు పైన హెడ్ అద్దంలా ఉన్నా గ్యాసు ఆగదు. లైనరును బిగించిపట్టి, డయల్ గేజ్‌తో నాలుగువైపులా కొలిచి, పక్క లైనర్లతో తేడా కూడా చూడాలి. తగ్గినచోట షిమ్ము (పలుచని రేకు రింగు) వేయాలి. గట్టు వంకరగా అరిగి ఉంటే దాన్ని కోయించిన తరువాతే షిమ్ము. బ్లాకు ముఖాన్నే కోయిస్తే లైనరు గట్టులను కూడా సరిచేసుకోవాలి, పిస్టను పైకి వచ్చే కొలత పెరుగుతుంది కనుక మందమైన గ్యాస్కెట్ ఎంచుకోవాలి.

నీరు, థర్మోస్టాట్

డెల్టాలో ఇంజను వేడెక్కడానికి సగం కారణం మనం పోసే నీరే. తీరం వైపు బోరునీరు ఉప్పన, కాలువనీటిలో ఒండ్రు. వేసవిలో కాలువలు కట్టేస్తే మిగిలేది బోరే. ఉప్పునీరు హెడ్ నీటిరంధ్రాల చుట్టూ తినివేసి గుంటలు చేస్తుంది, అవి గ్యాస్కెట్ అంచుదాకా వస్తే కోతతో పోవు. ఒండ్రు రేడియేటరు గొట్టాలను పూడుస్తుంది. ఖనిజాలు తీసిన నీటిలో కూలెంటును తయారీదారు చెప్పిన పాళ్లలో కలిపి పోయాలి. వేడెక్కుతోందని థర్మోస్టాట్ (వేడిని బట్టి నీటిదారి తెరిచే కవాటం) పీకివేయడం మరొక దురలవాటు. బైపాస్ దారిని మూసేది కూడా అదే అయిన ఇంజన్లలో, దాన్ని తీసేస్తే నీరు రేడియేటరుకు పోకుండా లోపలే తిరిగి, లోడు మీద వేడి పెరుగుతుంది.

బిగింపు

బ్లాకులోని బోల్టు రంధ్రాలను గాలితో ఊది ఆరబెట్టాలి, ఎందుకంటే అడుగు మూసిన రంధ్రంలో ఆయిలో నీరో మిగిలితే బిగింపులో బ్లాకే పగలవచ్చు. సాగే రకం బోల్టుల పొడవు కొలిచి, హద్దు దాటినవి మార్చాలి. మధ్య నుంచి బయటికి, మాన్యువల్ చెప్పిన విడతల్లో, టార్కు రెంచితో (బిగింపు బలాన్ని చూపే పానా) బిగించి, కోణం ఇచ్చి ఉంటే ఆ కోణం తిప్పాలి. పాతరకం గ్యాస్కెట్‌కు, తయారీదారు చెప్పి ఉంటే, ఇంజను ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించి వాల్వు సందులు తిరిగి సరిచేయాలి. పొరల ఉక్కు గ్యాస్కెట్‌ను సాధారణంగా మళ్లీ ముట్టుకోకూడదు. ఖాళీ బండితో తిప్పి చూసి పార్టీకి అప్పగించకుండా, లోడుతో ఒక ట్రిప్పు తిరిగివచ్చాక, ఇంజను చల్లారనిచ్చి, నీటిమట్టం, ఆయిల్ రంగు, కంప్రెసరు బుడగలు ముందు చెప్పిన క్రమంలోనే మరొకసారి చూడాలి.