స్థలం కొలత చీటీతో కలవడం లేదా? ముందు చుక్క చూడండి

టేపు పట్టి కొలిస్తే ఒక లెక్క, అమ్మేవాళ్ళ చీటీలో ఇంకో లెక్క. గజమో, రెండు గజాలో తేడా. విజయనగరం, చీపురుపల్లి, రాజాం వైపు ఇరవై ఏళ్ళుగా ఇళ్ళ పనులకు కొలతలు తీస్తున్నాను. టేపు తప్పనో, కొలిచినవాడి తప్పనో గొడవపడి నా దగ్గరికి వచ్చినవాళ్ళలో చాలామంది ఆ చీటీని ఒక్కసారి కూడా నిదానంగా చదవలేదు.

తేడా పెద్దగా ఉంటే

చీటీలో ఉన్నవి చదరపు గజాలా, చదరపు మీటర్లా చూడండి. 100 చదరపు మీటర్లంటే దాదాపు 119.6 గజాలు. చదరపు అడుగులను గజాల్లోకి మార్చేటప్పుడు 9తో భాగించారా అన్నది కూడా చూడండి. గజానికి మూడు అడుగులే కదా అని 3తో భాగించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఈ రెండు తప్పులూ ఇట్టే కనబడిపోతాయి.

తేడా కొద్దిగా ఉంటే

ఇదే నన్ను దెబ్బతీసింది. 30 అడుగుల 6 అంగుళాలను చీటీ మీద 30.6 అని రాస్తారు. రాసినవాడికి అందులో తప్పు లేదు, అతనికి అది అడుగులు, అంగుళాలే. ఆ చీటీ ఇంకొకరి చేతికి వెళ్తుంది, వాళ్ళు ఉన్నదున్నట్టు కాలిక్యులేటర్‌లో కొడతారు. అడుగుకు 12 అంగుళాలు కాబట్టి 6 అంగుళాలంటే అర అడుగు, అంటే 30.5 కొట్టాలి.

30 అడుగుల 6 అంగుళాలు, 45 అడుగుల 9 అంగుళాల స్థలం తీసుకోండి. 30.6ను 45.9తో గుణించి 9తో భాగిస్తే 156.06 గజాలు. సరైన లెక్క 30.5ను 45.75తో గుణించాలి, 155.04 గజాలే వస్తుంది. గజం 15,000 అనుకుంటే లేని నేలకు 15,000 పైనే కట్టినట్టు.

ఈ తప్పు ఎప్పుడూ ఒకేవైపు పోదు. ఒకటి నుంచి తొమ్మిది అంగుళాల వరకు కొలత పెరుగుతుంది. పది, పదకొండు అంగుళాల దగ్గర తిరగబడి తగ్గిపోతుంది. 12.10 అని కొట్టి చూడండి, కాలిక్యులేటర్‌కు అది 12.1 మాత్రమే. పది అంగుళాలు కాస్తా ఒక అంగుళం పైచిల్లర అయిపోయింది.

మా బావగారి ఇంట్లో ఒక గదికి నేనే 12.10, 10.11 అని రాసిచ్చాను. దాన్ని దుకాణంలో కొడితే 122 చదరపు అడుగులు వచ్చింది. రెండడుగుల టైల్స్, బాక్సుకు 16 చదరపు అడుగులు, ఎనిమిది బాక్సులు తెచ్చారు. గది నిజానికి 140 చదరపు అడుగులు. చివర గోడ వారన వరసకు టైల్స్ చాలలేదు. మళ్ళీ వెళ్తే ఆ లాటు లేదు, కొత్త లాటు షేడు కొంచెం పసుపు తిరిగింది. ఆ వరస ఇప్పటికీ బీరువా కింద ఉంది. అక్క ఒక్క మాట అనలేదు కానీ ఆ గదిలోకి వెళ్తే నా కళ్ళు అక్కడికే పోతాయి.

రూపాయి, పైసల దగ్గర చుక్క బాగానే పనిచేస్తుంది, అది నూరు లెక్క కాబట్టి. 1957 ఏప్రిల్‌కు ముందు రూపాయికి పదహారు అణాలు. అప్పటి పద్దుల్లో చుక్క ఉండదు, 5 రూపాయల 8 అణాలను గీతలు పెట్టి 5-8-0 అని రాసేవారు, చివరిది పైసల గడి. పెద్దవాళ్ళ ఆ గీతే మనకు మందు.

కొలత రాసేటప్పుడు 30-6 అని గీత పెట్టి, పక్కన 'అడుగులు-అంగుళాలు' అని రాయండి. లెక్క కట్టేముందు అంగుళాలను 12తో భాగించి అడుగులకు కలపండి. చీటీ ఇంకొకరు రాసిందైతే చుక్క తర్వాత అంకె చూడండి. 11 కనబడితే అంగుళాలేమో అని అనుమానించి అడగాలి. ఒకటే అంకె ఉంటే చూసి చెప్పలేరు, మళ్ళీ టేపు పట్టాల్సిందే.

పొలం దగ్గర కూడా ఇంతే. ఎకరా 5 సెంట్లు అంటే 1.05. దాన్ని 1.5 అని రాస్తే ఎకరన్నర అయిపోతుంది, 45 సెంట్లు తేడా. దమ్ముకు వచ్చిన ట్రాక్టరు 2 గంటల 20 నిమిషాలు తిరిగితే 2.20తో గుణించకండి. గంటకు 1,200 చొప్పున 2,800 ఇవ్వాలి. 2,640 చేతిలో పెడితే డ్రైవరు కష్టం 160 రూపాయలు మింగినట్టే.

అరుదైనవి

గుడ్డ టేపు సాగి ఉండొచ్చు, స్టీలు టేపుతో ఇంకోసారి కొలవండి. స్థలం మూలలు సరిగ్గా లేకపోతే ఎదురెదురు భుజాల సగటుతో కట్టిన లెక్క అసలు కన్నా ఎక్కువే చూపిస్తుంది, ఐమూల, అంటే ఎదురు మూల నుంచి మూలకు దూరం, కూడా కొలిచి రెండు త్రిభుజాలుగా లెక్క కట్టాలి. కాలిక్యులేటర్ పాడైన కేసు నేను ఒక్కటీ చూడలేదు.

రిజిస్ట్రేషన్ అయిపోయాక తప్పు బయటపడితే సవరణ దస్తావేజు రాయించుకోవాలి. దానికి అమ్మినవాళ్ళు మళ్ళీ వచ్చి సంతకం పెట్టాలి. అందుకే అడ్వాన్సు ఇచ్చే రోజే, ఇద్దరూ ఎదురుగా ఉండగా చీటీ తిరగరాయించండి.