సాయిల్ ప్రాక్టికల్‌కి ముందు ఒక పచ్చడి సీసా

బెంగళూరులో అగ్రి ఇంజినీరింగ్, సాయిల్ సైన్స్ కొత్తగా చేరినవాళ్లకు ఒక మాట. టెక్స్చర్ (మట్టిలో ఇసుక, ఒండ్రు, బంకమట్టి ఎంతెంత పాళ్లలో ఉన్నాయన్నది) ప్రాక్టికల్‌కి ముందు హాస్టల్లోనే ఇది చేసి చూడండి. రాళ్లు, వేళ్లు ఏరేసిన మట్టి ఖాళీ పచ్చడి సీసాలో మూడో వంతు, మెడ దాకా నీళ్లు, చెంచాడు సబ్బు పొడి. సబ్బు పొడి మానకండి. ల్యాబ్‌లో సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ చేసే పని అదే, అంటుకున్న కణాల్ని విడదీస్తుంది. గట్టిగా కుదిపి కదలకుండా పెట్టండి. నిమిషంలో ఇసుక దిగుతుంది, అక్కడ సీసా మీద గీత పెట్టండి. రెండు గంటలకు ఒండ్రు, ఇంకో గీత. బంకమట్టికి మాత్రం రోజు పైనే. ఇక్కడి ఎర్రమట్టితో చేస్తే మర్నాటికి కూడా పైనీళ్లు టీలాగే ఉండొచ్చు (నా రూమ్మేట్ నిజంగానే టీ అనుకున్నాడు). తేరాక పొరల ఎత్తు స్కేలుతో కొలిచి, శాతాలు కట్టి టెక్స్చర్ త్రిభుజంలో (ఆ మూడు శాతాల్ని బట్టి మట్టి రకం చెప్పే పటం) చూసుకోండి.