ఎనర్జీ డ్రింక్ లేబుల్ ప్రింటుకు పంపేముందు

కెనడాలో వేసవి సరుకు కావాలంటే చలి తగ్గకముందే క్యాన్ల డిజైన్ ప్రింటుకు పోవాలి. ప్రింటయ్యాక తప్పు బయటపడితే క్యాన్లన్నీ దండగ. ఆ టెన్షనేదో ఇప్పుడే పడితే మంచిది.

కెఫీన్, టారిన్ (ఒక అమైనో ఆమ్లం), విటమిన్లు కలిపిన డ్రింకుల్లాంటి వాటికి అక్కడ 2022 జూలైలో ‘సప్లిమెంటెడ్ ఫుడ్స్’ నిబంధనలు వచ్చాయి. పాత లేబుళ్లకు ఇచ్చిన గడువు 2025 డిసెంబర్ 31తో అయిపోయింది. కాబట్టి లేబుల్ మీది పట్టికను తయారుచేసే సాఫ్ట్‌వేర్ తెరవగానే ముందు టెంప్లేట్ చూడండి. మామూలు న్యూట్రిషన్ ఫ్యాక్ట్స్ పట్టిక చెల్లదు. సప్లిమెంటెడ్ ఫుడ్ ఫ్యాక్ట్స్ పట్టిక ఉండాలి, కలిపినవన్నీ అందులో ‘సప్లిమెంటెడ్ విత్’ అనే శీర్షిక కింద విడిగా రావాలి. పాత ఫైలును కాపీ చేసి పేరు మార్చుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. పేరు మారుతుంది, లోపల టెంప్లేట్ మాత్రం పాతదే ఉంటుంది.

అంకెల దగ్గర నేనే ఒకసారి బోల్తా పడబోయాను. క్యాన్‌కి 160 మి.గ్రా. కెఫీన్ వేశాం, పట్టికలో 160 అనే వచ్చింది. ఎనర్జీ డ్రింక్‌కి ఒక్క క్యాన్‌లో పరిమితి 180. ఇబ్బందేమీ లేదనుకున్నాం. కానీ ఫార్ములాలో 120 మి.గ్రా. గ్వారానా (సహజంగానే కెఫీన్ ఉండే గింజ) సారం కూడా ఉంది. సప్లయర్ పంపిన కాగితం తీసి చూస్తే దాంట్లో కెఫీన్ 22 శాతం. అంటే ఇంకో 26 మి.గ్రా. మొత్తం 186! సాఫ్ట్‌వేర్‌లో గ్వారానా ఎదురుగా కెఫీన్ గడి ఖాళీగా ఉంది, ఖాళీని అది సున్నా అనుకుంది. దాన్ని తిట్టి లాభం లేదు, నింపనిది మేమే. ఒక్కో ముడిసరుకు కాగితం పక్కన పెట్టుకుని గడి గడీ సరిచూడండి. 2023లో అమెరికా నుంచి వచ్చిన 200 మి.గ్రా. కెఫీన్ డ్రింకుల్ని కెనడా మార్కెట్ నుంచి వెనక్కి రప్పించారు కూడా.

ఖనిజాల్లో ఇంకో తిరకాసు ఉంది. 500 మి.గ్రా. మెగ్నీషియం సిట్రేట్‌లో అసలు మెగ్నీషియం దాదాపు 80 మి.గ్రా. మాత్రమే. విటమిన్ డి కొలత ఐయూలో (ఇంటర్నేషనల్ యూనిట్లలో) ఉంటే 40తో భాగిస్తే మైక్రోగ్రాములు వస్తాయి. ఈ రెండూ లెక్క తెలిసినవాళ్లే హడావుడిలో తప్పుతారు.

మోతాదు ఒక హద్దు దాటితే వెనక హెచ్చరికల పెట్టె, ముందువైపు ఆశ్చర్యార్థకంతో ఉండే గుర్తు రెండూ తప్పనిసరి. ఫార్ములా మారిన ప్రతిసారీ ఇవి మళ్లీ చూసుకోవాలి. చాలాసార్లు పట్టికను సాఫ్ట్‌వేర్ చేస్తుంది, ముందువైపు బొమ్మను డిజైనర్ చేస్తాడు. ఆ గుర్తు పెట్టడం ఎవరి పనో ఇద్దరికీ తెలియదు.

చివరగా అసలు సైజులో ఒక ప్రింటు తీసి ఖాళీ క్యాన్‌కి చుట్టండి. ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచ్ కూడా ఉండాల్సిందే కాబట్టి ఆ భాష వచ్చినవాళ్లతో చదివించండి. ఒక ఫైల్ నుంచి ఇంకో ఫైల్‌కి మారేటప్పుడు ఫ్రెంచ్ అక్షరాల మీది గీతలు ఎగిరిపోతుంటాయి, మన కంటికి అవి ఆనవు.